కొనేవాడు లేని విమానం

అరకు ఘాట్ మీదుగా జగదల్‌పూర్ రైలెక్కిన ఉత్తరాంధ్ర మనిషికి సొరంగాలు లెక్కపెట్టడం అలవాటే. కొత్తవలస–కిరండూల్ లైన్‌లో ఆ ప్రయాణానికి పగలంతా సరిపోతుంది. అందుకే 2018 జూన్‌లో జగదల్‌పూర్ విమానాశ్రయం మొదలై, చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద ఎయిర్ ఒడిశా సంస్థ అక్కడినుంచి రాయ్‌పూర్‌కు, విశాఖకు 19 సీట్ల విమానం నడుపుతుందన్నప్పుడు ఇక్కడ కాస్త సందడి అయింది. కొన్ని నెలలకే ఆ సందడి చల్లారింది, సర్వీసు ఆగిపోయింది. నడిపిన విమానం పేరు బీచ్‌క్రాఫ్ట్ 1900డి. అమెరికాలో దాని తయారీ 2002లోనే ఆపేశారు.

ఇలాంటి సర్వీసులు ఎందుకు నిలవవన్న చర్చ వచ్చినప్పుడల్లా రాయితీలు, పైలట్ల కొరత, ఇంధనం ధర, నిర్వహణ లోపాలు అన్నీ ప్రస్తావనకు వస్తాయి. రానిది విమానం సంగతే. పెద్ద బోయింగ్‌లు, ఎయిర్‌బస్‌ల మాట పక్కన పెడదాం. పందొమ్మిది మందిని మోసే రెండింజిన్ల చిన్న విమానాన్ని కూడా ఈ దేశం సొంతంగా చేసుకోలేదా?

చేసుకుంది. ఎగరేసింది కూడా. బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల, అంటే ఎన్‌ఏఎల్, తయారుచేసిన ఆ విమానం పేరు సరస్. ఆలోచన మొదలై మూడు దశాబ్దాలు దాటింది. ఇప్పటికీ టికెట్ కొని అందులో కూర్చున్న ప్రయాణికుడు ఒక్కడూ లేడు. దీనికి కారణం మన ఇంజినీర్లకు తెలివి చాలకపోవడమని చాలామంది తేల్చేస్తారు. చరిత్ర తిరగేస్తే వేరే కారణం కనిపిస్తుంది. ఆ చరిత్ర ఇటలీలో మొదలుపెట్టడం మంచిది.

రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన ఇటలీ 1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టింది. బాంబర్లు ఉండకూడదని అందులో రాశారు. యుద్ధ, నిఘా విమానాలు కలిపి 200 దాటకూడదు, రవాణా, శిక్షణ తరహావి 150 దాటకూడదు. అప్పటిదాకా పగలూ రాత్రీ బాంబర్లు చేసిన కప్రోనీ, సియాయ్–మార్కెట్టి, బ్రెడా, పియాజియో కర్మాగారాలకు పని పోయింది. డిజైనర్లున్నారు, యంత్రాలు ఎంతో కొంత మిగిలాయి. ఇక మిగిలిన దారి ప్రయాణికుల విమానాలే. 1949లో సియాయ్–మార్కెట్టి ఎస్‌ఎం–102 అనే రెండింజిన్ల చిన్న రవాణా విమానాన్ని ఎగరేసింది. అదే ఏడాది కప్రోనీ సీఏ–193 వచ్చింది. అయిదుగురు కూర్చునే ఆ విమానంలో ఇంజిన్లు రెక్కల వెనక అంచున ఉండేవి, ప్రొపెల్లర్లు విమానాన్ని ముందుకు లాగే బదులు వెనకనుంచి నెట్టేవి. తయారైంది ఒక్కటే. ఫిలిప్పో జపాటా గీసిన బ్రెడా బీజడ్–308 అంతకంటే గొప్పది. అట్లాంటిక్ దాటాలన్న ఆశతో చేసిన ఆ నాలుగింజిన్ల విమానం 1948లో ఎగిరింది. అదీ ఒక్కటే. ఇటలీ వాయుసేన దాన్ని కొన్నేళ్లు రోమ్, మొగదిషుల మధ్య తిప్పుకుంది. 1954లో ఒక ట్రక్కు ఢీకొన్నాక మూలపడింది.

ఆకాశంలో కూలినవి కావివి. వీటిని చంపింది డకోటా.

యుద్ధంలో అమెరికా పది వేలకు పైగా సీ–47 డకోటాలు తయారుచేసింది. యుద్ధం ముగిసేసరికి అవి ప్రపంచమంతటా రన్‌వేల పక్కన వరసలు కట్టి కొనేవాళ్ల కోసం చూస్తున్నాయి. నడుపుతున్న పైలట్లకు అది చేతికి అలవాటైనది, మెకానిక్‌కు ప్రతి బోల్టూ పరిచయం, విడిభాగాలు కుప్పలుతెప్పలు. అప్పుడే పుట్టిన ఇటలీ విమానం ఎంత బాగున్నా, పావలా ధరకు దొరుకుతున్న డకోటాను కాదని దాన్ని కొనే సంస్థ ఏది? కప్రోనీ కంపెనీయే 1950 ప్రాంతంలో దివాలా తీసింది.

ఆ డకోటాలే మన దేశానికి విమానయానం నేర్పాయి. వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో బెంగళూరులో స్థాపించిన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ (నేటి హెచ్‌ఏఎల్) కర్మాగారం యుద్ధకాలంలో అమెరికా సైన్యం విమానాలకు మరమ్మతు డిపోగా పనిచేసింది. యుద్ధం అయిపోగానే అక్కడే మిలిటరీ డకోటాలకు సీట్లు బిగించి, రంగులు వేసి విమాన సంస్థలకు అప్పగించారు. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ వాటాతో 1945లో పుట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపింది డకోటాలనే. ఎనిమిది సంస్థలు ఆడమనిషి విమానం నడపడమేమిటని తిప్పి పంపిన ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగమిచ్చింది ఆ హైదరాబాద్ కంపెనీయే. దేశంలో కమర్షియల్ పైలట్ అయిన తొలి మహిళ ఆమె. పొరుగున ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టిందీ, 1947లో ఇండొనేసియా నాయకుల్ని డచ్చివాళ్ల కళ్లుగప్పి తీసుకొచ్చిందీ డకోటాలతోనే. అదే ఏడాది అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సిక్కు రెజిమెంట్ జవాన్లను దించినవీ అవే.

ఇంత మేలు చేసిన విమానాన్ని తప్పుపట్టడం అన్యాయమే అనిపిస్తుంది. కానీ చవకగా, చేతికందినంత దూరంలో దొరికిన ఆ సరుకు సొంతంగా రవాణా విమానం చేసుకోవాలన్న తొందర మనకు లేకుండా చేసింది. ఇటలీలో అది పుట్టిన విమానాల్ని చంపింది, ఇక్కడ పుట్టనివ్వలేదు.

డకోటాలు ముసలివైపోయాక దేశం ఏం చేసింది? ఇంగ్లండ్‌లో ఆవ్రో కంపెనీ హెచ్‌ఎస్–748 అనే రెండింజిన్ల టర్బోప్రాప్ గీసింది. దాని తొలి నమూనా 1960 జూన్‌లో ఎగిరింది. ఏడాదిన్నర తిరక్కముందే, 1961 నవంబర్ 1న, కాన్పూర్‌లో వాయుసేన డిపోలో తయారైన భారతీయ ఆవ్రో గాల్లోకి లేచింది. వాయుసేనాధిపతి సుబ్రతో ముఖర్జీ అంతకు ముందు ఏడాది చనిపోవడంతో దానికి సుబ్రతో అని పేరు పెట్టారు. కాన్పూర్‌లో మొత్తం 89 తయారయ్యాయి. 72 వాయుసేనకు, 17 ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు. ఇక్కడ గమనించాల్సింది వేగం. ఇంగ్లండ్‌లోనే సరిగ్గా స్థిరపడని విమానం మీద ఢిల్లీ నమ్మకం పెట్టింది, మొదటి రోజునుంచే కొంటానని మాటిచ్చింది.

ఏఎన్–32 కథ ఇంకా చిత్రం. సోవియట్ యూనియన్‌లో కీవ్ నగరంలోని ఆంటనోవ్ సంస్థ దగ్గర ఏఎన్–26 ఉంది. ఎండలు మండే చోట, లేహ్ లాంటి ఎత్తయిన రన్‌వేల మీద అది ఆయాసపడుతుంది. ఇంకా బలమైన ఇంజిన్లతో కావాలని భారత్ అడిగింది. 1976లో ఏఎన్–32 నమూనా ఎగిరింది. 1984 నుంచి వంద దాటి మన వాయుసేనకు వచ్చాయి. రెక్కల మీద ఎత్తుగా కూర్చున్న దాని ఇంజిన్లను చూస్తే చాలు, ఎవరి కోసం గీశారో తెలుస్తుంది. అంటే కీవ్‌లో కాగితాల మీద ఉన్న ఒక విమానానికి ప్రాణం పోసింది ఢిల్లీ ఆర్డరు.

విశాఖ వాళ్లకు ఆ విమానం పేరు వేరే కారణంగా గుర్తు. 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ బయలుదేరిన ఏఎన్–32 బంగాళాఖాతం మీద కనిపించకుండా పోయింది. అందులో ఉన్న 29 మందిలో 8 మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. అనకాపల్లి నుంచి విశాఖ వెళ్లే ప్రతి బస్సూ ఆగే ఎన్‌ఏడీ కొత్తరోడ్డుకు ఆ పేరు తెచ్చిన డిపో అదే. శకలాలు సముద్రంలో 3,400 మీటర్ల లోతున దొరికింది 2024 జనవరిలో. కారణమేదైనా, 1980ల విమానాలను 2010ల్లోనూ సముద్రం మీదికి పంపుతూ ఉండాల్సి వచ్చిందన్నది మాత్రం నిజం. వాటి స్థానంలో రష్యాతో కలిసి కొత్త మధ్యస్థాయి రవాణా విమానం చేద్దామని 2007లో కుదిరిన ఒప్పందం ఎటూ తేలకుండా అటకెక్కింది.

మూడోది డోర్నియర్–228. జర్మనీ నుంచి లైసెన్సు తెచ్చుకుని 1980ల నుంచి హెచ్‌ఏఎల్ కాన్పూర్‌లో తయారుచేస్తోంది. నౌకాదళం, తీరరక్షక దళం దాంతోనే తీరాన్ని కాపలా కాస్తున్నాయి. విశాఖలోని నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగా నుంచి ఎగిరే డోర్నియర్‌లు ఈ తీరానికి కొత్తకాదు. 1981లో చిన్న ఊళ్ల కోసం పుట్టిన వాయుదూత్ రాజమండ్రి, వరంగల్ లాంటి చోట్లకు విమానం తెచ్చిన రోజుల్లో డోర్నియర్‌లను ఎక్కువగా వాడుకుంది. ఆ సంస్థే 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయి కనుమరుగైంది. డోర్నియర్‌తో చిక్కేమిటంటే దాని క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేదు. మేఘాలపైకి వెళ్లి హాయిగా ఎగరలేదు. వానాకాలంలో తూర్పు కనుమల మీదుగా అందులో ప్రయాణమంటే కడుపులో తిప్పడం ఖాయం.

ఆవ్రో, ఆంటనోవ్, డోర్నియర్. మూడుసార్లూ గీసింది ఎవరో, కొన్నది మనం.

ఇక సరస్. ఎన్‌ఏఎల్‌కు 1984 నుంచి 1993 దాకా రొద్దం నరసింహ డైరెక్టర్. గాలి ప్రవాహాల శాస్త్రంలో ప్రపంచం ఎరిగిన పండితుడు. ఆయన ఇంటిపేరు చెబుతున్న ఊరు ఒకప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలోని రొద్దం. దేశానికి చిన్న రవాణా విమానం కావాలన్న ఆలోచన ఆ కాలంలోనే బలపడింది. 1991లో మాస్కో దగ్గరి మియాసిష్చెవ్ సంస్థతో కలిసి పని మొదలైంది. వాళ్ల దగ్గర ఎం–102 డ్యుయెట్ అనే డిజైన్ ఉంది. సంతకాల సిరా ఆరకముందే సోవియట్ యూనియన్ మాయమైంది, రష్యా వైపు డబ్బు ఆగిపోయింది. మన వాళ్లు ఒంటరిగా ముందుకెళదామనుకునేసరికి 1998 మే పోఖ్రాన్ అణు పరీక్షలు, వెంటనే ఆంక్షలు. 1999 సెప్టెంబరు 24న కేంద్రం సుమారు రూ.131 కోట్లతో ప్రాజెక్టు మంజూరు చేసింది. 2004 మే 29న బెంగళూరు హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచి తొలి సరస్ పైకి లేచింది.

దాని రూపం చూసినవాళ్లకు ఇటలీ గుర్తుకొస్తుంది. ఇంజిన్లు తోక దగ్గర, ప్రొపెల్లర్లు వెనక్కి తిరిగి నెట్టే పద్ధతి. కప్రోనీ ఒక్కటి చేసి వదిలేసిన ఆ పద్ధతిని పియాజియో కంపెనీ వదల్లేదు. పీ–136, 1957లో ఎగిరిన పీ–166, 1986లో వచ్చిన పీ–180 అవంతి వరకూ దాన్నే పట్టుకుంది. అవంతికి బిగించిన కెనడా ఇంజిను పీటీ6ఏ–66నే తొలి సరస్‌కూ బిగించారు. వెనకనుంచి నెట్టే ప్రొపెల్లర్లతో క్యాబిన్‌లో మోత తగ్గుతుంది, రెక్కల మీద గాలి సాఫీగా పారుతుంది. దానికి చెల్లించాల్సిన ధరా ఉంది. బరువంతా వెనక్కి పోతుంది, ఇంజిన్ల నుంచి వచ్చే వేడి గాలి ప్రొపెల్లర్లకు తగులుతుంది, ప్రతి కిలోనూ కొలిచి చూసుకోవాలి.

ఆ కిలోలే కొంప ముంచాయి. ఖాళీ విమానం 4,125 కిలోలుండాలని లెక్కవేస్తే తూకంలో 5,118 వచ్చింది. దాదాపు వెయ్యి కిలోలు అదనం, అంటే సామాన్లతో సహా పదిమంది ప్రయాణికుల బరువు ఎవరూ ఎక్కకముందే లోపల కూర్చుంది. ఇంకా శక్తిమంతమైన ఇంజిన్లతో, కాస్త తగ్గిన బరువుతో రెండో నమూనా 2007 ఏప్రిల్ 18న ఎగిరింది. 2009 మార్చి 6న బెంగళూరు శివార్లలో బిడది దగ్గర శేషగిరిహళ్లి పొలాల్లో అదే కూలింది. గాల్లో ఒక ఇంజిన్ ఆపి మళ్లీ ముట్టించే పరీక్ష చేస్తుండగా జరిగిన ప్రమాదమది. వింగ్ కమాండర్లు ప్రవీణ్ కోటెకొప్ప, దీపేశ్ షా, స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా చనిపోయారు. ఇంజిన్‌ను తిరిగి ముట్టించేందుకు తయారుచేసి ఇచ్చిన పద్ధతే సరిగా లేదని డీజీసీఏ విచారణ తేల్చింది. పైలట్ల తప్పు కాదు, కాగితం మీది తప్పు.

ఈ విషయంలో దేశభక్తి పేరుతో కళ్లు మూసుకోవడం కుదరదు. మూడు ప్రాణాలు పోయాయి. బరువు తగ్గని విమానాన్ని, పరీక్షలు పూర్తికాని విమానాన్ని ఎవరూ కొనకూడదు. అయితే ఆ ప్రమాదం తర్వాత జరిగిందేమిటి? లోపం కనుక్కున్నారు, దిద్దే దారీ తెలిసింది. దిద్దడానికి కావలసిన డబ్బు, మనుషులు మాత్రం ఒక్కొక్కటిగా జారిపోయారు. నిధులు ఆగాయి, ఇంజినీర్లు వేరే ప్రాజెక్టులకు పోయారు, 2016 నాటికి సరస్ మూతపడిందనే వార్తలు వచ్చాయి. తొలి పెనం పాకం మాడిందని చెరకు తోటే దున్నేసే రైతు అనకాపల్లి చుట్టుపక్కల ఎవరూ ఉండరు. ఢిల్లీలో ఉన్నారు.

మళ్లీ మనసు మార్చుకుని, పాత తొలి నమూనాకే మరమ్మతులు చేసి 2018 జనవరి 24న ఎగరేశారు. 8,500 అడుగుల ఎత్తున 40 నిమిషాలు. రెండు ఎగరడాల మధ్య దాదాపు తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో పదవీ విరమణ చేసినవాళ్ల అనుభవం ఏ ఫైలులోనూ దొరకదు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పాత డ్రాయింగులు ముందేసుకుని, ఈ రివెట్ ఇక్కడెందుకు పెట్టారో తమకు తాము మళ్లీ కనుక్కోవాలి. ప్రస్తుతం 19 సీట్ల సరస్ మార్క్–2 డిజైన్ మీద పని నడుస్తోంది. తొలి విడతలో 15 తీసుకుంటామని వాయుసేన సుముఖత చూపింది. పౌర విమానయానం నుంచి గట్టి ఆర్డరు లేదు. అసలు చిక్కు ఇక్కడ ఉంది. కీవ్ విమానానికి దొరికిన ధైర్యం బెంగళూరు విమానానికి దొరకలేదు.

ఇటలీ ఏం చేసిందో ఒకసారి చూడాలి. 1940ల్లో ఒక్కొక్కటిగా చచ్చిన నమూనాల తర్వాత వాళ్లు దుకాణం కట్టెయ్యలేదు. 1970 జూలైలో ఫియట్ జీ–222 అనే రెండింజిన్ల సైనిక రవాణా విమానం ఎగిరింది. సొంత వాయుసేన కొనడంతో వంద దాటి తయారైంది, దాన్నుంచే నేటి సీ–27జే పుట్టింది. 1981లో ఇటలీకి చెందిన ఏరిటాలియా, ఫ్రాన్స్‌కు చెందిన ఏరోస్పాసియల్ ఒంటరిగా పోటీపడితే ఇద్దరమూ మునుగుతామని తెలుసుకుని చేతులు కలిపాయి. అలా వచ్చిందే ఏటీఆర్. 42 సీట్ల రకం 1984లో, 72 సీట్ల రకం 1988లో ఎగిరాయి. దాని నడుము భాగం నేపుల్స్ పక్కన పొమిగ్లియానోలో తయారై, ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో రెక్కలు తొడుక్కుంటుంది.

ఈ కబురు తెలుగువాళ్లకు ఎందుకంటే, చిన్న ఊళ్లకు విమానం అంటే ఇవాళ మనకు ఏటీఆరే. హైదరాబాద్ కేంద్రంగా 2015 జూలైలో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్‌లతోనే రాజమండ్రి, కడప, తిరుపతి తిరిగింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం సిమ్లాలో ప్రారంభమైనప్పుడు అదే రోజు జెండా ఊపినవాటిలో హైదరాబాద్–కడప సర్వీసు ఒకటి. 2022లో ట్రూజెట్ నేలకు దిగిపోయింది. 2021 మార్చిలో ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం తెరిచాక ఇండిగో అక్కడినుంచి విశాఖకు నడిపింది కూడా ఏటీఆరే. విశాఖ నుంచి కర్నూలుకు వెళ్లినవాడు సగం ఇటలీ విమానంలో కూర్చున్నాడన్నమాట.

అనకాపల్లి మనిషికి దీంతో పనేమిటని అడగొచ్చు. సబబైన ప్రశ్న. విజయవాడ వెళ్లాలంటే స్టేషన్‌కు పోతే సరి, బండి వెనక బండి. ఆ దూరానికి విమానం ఎక్కేవాడికి డబ్బు ఎక్కువైనా ఉండాలి, తెలివి తక్కువైనా ఉండాలి. కానీ కడప పని పడితే తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో మధ్యాహ్నం కూర్చుని మర్నాడు ఉదయం దిగాలి. జగదల్‌పూర్, ఒడిశాలోని జయపురం వైపు చెప్పనక్కర్లేదు. ఆ దారుల్లో రోజూ 70 మంది దొరకరు, పదిహేను మంది దొరుకుతారు. ఏటీఆర్ సగం ఖాళీగా తిరిగి నష్టపోయే చోట 19 సీట్ల విమానం నిలబడే వీలుంది. విశాఖ, జయపురం మధ్య ఈమధ్య తిరిగింది తొమ్మిది మందిని మోసే సెస్నా కారవాన్, అదీ ఒకే ఇంజిన్‌తో. కనుమల మీద వానాకాలంలో రెండో ఇంజిన్ విలువ ఏమిటో ఆ గాజు కిటికీ పక్కన కూర్చున్నవాడికి చెప్పాల్సిన పనిలేదు.

చిన్న విమానంతో లాభం రాదన్న వాదనా కొట్టిపారేయలేనిది. ఇద్దరు పైలట్ల జీతం 19 మంది మీద పంచితే 70 మంది మీద పంచినదానికంటే తలకు ఎక్కువే పడుతుంది. అందుకే ప్రపంచంలో ఈ తరహా విమానాల తయారీ తగ్గింది, అందుకే వాడేసిన బీచ్‌క్రాఫ్ట్‌లు మన దగ్గరికి వస్తున్నాయి. అయితే ఉడాన్‌లో ఆ లోటు భర్తీకి ప్రభుత్వం ఇప్పటికే డబ్బిస్తోంది. పెద్ద మార్గాల్లో ఎగిరే విమానాల మీద రుసుము వసూలుచేసి, చిన్న మార్గాలకు మూడేళ్లపాటు రాయితీ చెల్లిస్తోంది. రాష్ట్రాలూ తమ వాటా వేస్తున్నాయి. ఆ డబ్బులో కొంత ఎవరి విమానాల అద్దెలకు పోతోందో ఒకసారి లెక్క తీస్తే బాగుంటుంది. రాయితీ ఎలాగూ తప్పనప్పుడు, దాన్నే సొంత విమానానికి తొలి గిరాకీగా మార్చవచ్చు. ఇక్కడ గీసి, ఇక్కడ ధ్రువీకరణ పొందిన విమానం నడిపే సంస్థకు మూడేళ్ల బదులు ఆరేళ్ల రాయితీ అని ఒక్క షరతు చేర్చితే, బెంగళూరులో కూర్చున్న ఇంజినీరుకు తను గీస్తున్నది ఎవరి కోసమో తెలుస్తుంది.

విమానం భాగాలు చేసే చేతులకు కొదవలేదు. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో టాటా కర్మాగారం ఏళ్ల తరబడి అమెరికా సీ–130జే విమానాల తోక భాగాలు పంపుతోంది. ఆవ్రోల స్థానంలో వస్తున్న ఎయిర్‌బస్ సీ–295ల విషయమే తీసుకుంటే, 2021 సెప్టెంబరులో 56 విమానాలకు ఒప్పందం కుదిరింది. 16 స్పెయిన్ నుంచి వచ్చాయి, 40 వడోదరలో తయారవుతాయి, వాటి ముఖ్య భాగాల పని హైదరాబాద్‌లో జరుగుతోంది. తేజస్ యుద్ధవిమానం నడుము భాగాలు చేస్తున్న వెమ్ టెక్నాలజీస్ హైదరాబాద్ సంస్థే. అచ్యుతాపురం, రాంబిల్లి వైపు భూములు చూపించి పరిశ్రమలను పిలుస్తున్న అనకాపల్లి జిల్లాకు రేపు ఇందులో వాటా అడిగే హక్కుంది. అలా అడగాలంటే ముందు విమానమంటూ ఉండాలి. పరాయి డిజైన్‌కు తోకలు చేసిపెట్టడం మంచి ఉపాధి. ఆ డిజైన్ ఆపేయాలని ఎప్పుడనుకుంటారో నిర్ణయించేది మాత్రం వేరే దేశంలో ఎవరో.

2025 అక్టోబరులో హెచ్‌ఏఎల్ మాస్కోలో ఇంకో ఒప్పందం కుదుర్చుకుంది, రష్యా ఎస్‌జే–100 ప్రయాణికుల విమానాన్ని ఇక్కడ తయారు చేయడానికి. 1988లో ఆవ్రో ఆగాక పూర్తి ప్రయాణికుల విమానం చేయడం ఇదే మొదలవుతుందని హెచ్‌ఏఎల్ గర్వంగా చెప్పుకుంది. ఆ మాటలో గర్వం కంటే 1988కీ 2025కీ మధ్య దూరమే ఎక్కువ కనిపిస్తుంది. పైగా ఆ విమానం సూపర్‌జెట్‌గా పుట్టినప్పుడు ఇటలీ కంపెనీ భాగస్వామ్యంతో, వెనిస్‌లో అమ్మకాల కార్యాలయంతో పుట్టింది. ఆంక్షల తర్వాత పాశ్చాత్య భాగాలన్నీ పీకి రష్యా భాగాలు పెట్టుకోవాల్సి వచ్చింది. నాల్గోసారి కూడా మన డబ్బుతో పరాయి నమూనాకు ఊపిరి పోయబోతున్నామా? దాన్నీ చేయనీ, తప్పులేదు. చేతులకు పని దొరుకుతుంది. కానీ 1991లో మాస్కోను నమ్ముకుని సరస్ మొదలుపెట్టిన సంగతి ఆ ఫైలు మీద సంతకం చేసేవాళ్లకు ఎవరైనా గుర్తుచేయాలి.

ఇప్పుడు పౌర విమానయాన మంత్రి శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట కొత్త విమానాశ్రయం ఆయన సొంత ప్రాంతంలోనే వస్తోంది. అంత పెద్ద రన్‌వే పక్కన చిన్న విమానాలకు నాలుగు స్టాండ్లు కేటాయించడం పెద్ద ఖర్చు కాదు. అక్కడినుంచి కడప, కర్నూలు, జయపురం, జగదల్‌పూర్ మార్గాలను కలిపి ఒక కట్టగా టెండరు పిలిచి, బరువు, భద్రత ధ్రువీకరణ గడువులు తప్పకుండా పాటిస్తే తొలి పది సరస్‌లు ఆ కట్టలోనే తిరుగుతాయని ఎన్‌ఏఎల్‌కు రాతపూర్వకంగా హామీ ఇవ్వవచ్చు. గడువు తప్పితే ఆర్డరు రద్దు. వాయుసేన పదిహేనుతో కలిపితే పాతిక అవుతాయి. పాతిక విమానాల ఆర్డరుకు ఇంజిన్ కంపెనీ ధర తగ్గిస్తుంది, విడిభాగాలవాడు గోదాము తెరుస్తాడు, బ్యాంకువాడు ఫైలు తెరుస్తాడు.